పండవెట్టిన బండి

గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకు దమ్మామ్‌లో బస్సెక్కాను. బహ్రెయిన్ చూడాలన్న సరదా నాకెప్పుడూ లేదు. సముద్రం మీద వంతెన తెరిచినప్పటినుంచి మా క్యాంపులో సగం మంది వెళ్ళొచ్చారు, ఫొటోలు చూపించారు. నేను మాత్రం కదల్లేదు. ఇప్పుడు కదలక తప్పలేదు. నా భార్య తమ్ముడు రాజేశం అక్కడ జింజ్‌లో ఒక ఇంటి డ్రైవరు. వాడు నడిపే అమెరికా కారు వెనక్కి జారి ఆ ఇంటి వంటమనిషి కాలు విరగ్గొట్టింది. వాడు బండిలో నిద్రపోవడం వల్లే ఇదంతా జరిగిందని పోలీసులు కాగితం రాశారట. శనివారం పొద్దున స్టేషనుకు పోయి దాని మీద సంతకం పెట్టాలి. "నేను నిద్రవోలే బావా, నువ్వు రా" అని ఫోన్లో ఏడ్చాడు.

వెళ్ళాలనుకునేవాళ్ళకు పనికొస్తుందని చెబుతున్నాను. కఫీల్ చేత, అంటే మనల్ని పనిలో పెట్టుకున్న యజమాని చేత, దేశం దాటి తిరిగి రావడానికి ఎగ్జిట్ రీఎంట్రీ ముద్ర ముందుగానే వేయించుకోవాలి. నాది బయల్దేరే రోజు పొద్దున చేతికొచ్చింది, అదీ మా మేనేజరు మొహం గంటు పెట్టుకుని ఇస్తే. టికెట్టు రానూపోనూ కలిపి కొనుక్కోవడం మేలు. బస్సులో ఏసీ బాగానే ఉంటుంది, నీళ్ళు మాత్రం మనమే తెచ్చుకోవాలి.

పక్క సీటాయన హైదరాబాదు పాతబస్తీ మనిషి, వెల్డరు. "క్యా భాయ్, గొంతు తడుపుకోనీకే పోతున్నవా?" అని కన్ను గీటాడు. సౌదీలో దొరకని మందు అక్కడ దొరుకుతుంది. "కాదు, పోలీస్ స్టేషన్‌కు" అన్నాను. ఆయన కాళ్ళ దగ్గరున్న బ్యాగును కొంచెం అవతలికి జరుపుకున్నాడు.

వంతెన గొప్పగానే ఉంది, అబద్ధమెందుకు? రెండు పక్కలా పచ్చటి పలచని సముద్రం, మధ్యలో తారు వాసన ఇంకా పోని రోడ్డు. మా బస్సును దాటుకుని పోయే కార్లలో నాకు తెలిసిన బండి మూతులు చాలా కనబడ్డాయి, రాజేశం నడిపే కారు కంపెనీవే. దమ్మామ్‌లో ఆ అమెరికా కంపెనీ ఏజెంటు దగ్గరే స్పేర్ పార్టుల కౌంటర్లో నా డ్యూటీ. కంపెనీ పేరు రాయను. రాస్తే నా డ్యూటీ ఖలాస్.

మా కౌంటరు వెనక గోడంతా ఆ కంపెనీ చరిత్రే. మొదటి ఫొటోలో ఒక రేకుల షెడ్డు, దాని ముందు టోపీ పెట్టుకున్న స్థాపకుడు. తర్వాతి దాంట్లో బారుగా నిలబడిన పనివాళ్ళు. బండి వాళ్ళ ముందునుంచి కదిలిపోతూ ఉంటుంది, ఒక్కొక్కడు ఒక్క నట్టు బిగిస్తాడు. ఆ తర్వాత రెక్కలున్న కార్లు, పడవంతేసి కార్లు, వాటికి ఆనుకుని నవ్వే ఆడవాళ్ళు. పెట్రోలు ధర మండిపోయాక వాళ్ళ దేశంలోనే ఆ పడవల్ని చాలామంది వద్దనుకున్నారు, జపాను బండ్లు చొరబడ్డాయి. ఆ ఫొటో మా గోడ మీద లేదు. వాళ్ళొద్దన్న బండ్లు పెట్రోలు పుట్టే ఈ దేశాల్లో ముద్దొచ్చాయి.

కొనుక్కున్నవాళ్ళ అనుభవాలు కౌంటరు దగ్గర రోజూ వింటూనే ఉంటాను. ఒకాయనకు ఆ బండిలో కూర్చుంటే చనిపోయిన తండ్రి పక్కన కూర్చున్నట్టుంటుందట. ఇంకొకాయన "నీళ్ళకంటే పెట్రోలే చవక, తాగనీ" అంటాడు. ఏసీని మెచ్చుకోనివాడు లేడు. గేరు గురించి మాత్రం ఎవరూ ఎత్తరు. గేరు ముట్టుకునేది వాళ్ళు కాదు గదా.

ఆ గేరు సంగతి నాకు తెలుసు. రాజేశం నడిపే మోడలు పాతబడ్డాక, ఇంజను నడుస్తుండగా పార్కింగులో పెడితే గేరు ఒక్కోసారి సరిగ్గా కూర్చోదు. కూర్చున్నట్టే కనబడుతుంది. కాసేపటికి ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే చాలు, రివర్సులోకి జారిపోతుంది. కంపెనీ దీనికి చేసిన మరమ్మతు ఒక స్టిక్కరు. దిగేముందు ఇంజను ఆపమని ఇంగ్లీషులో రాసి, కట్టలు కట్టలుగా మా కౌంటరుకు పంపారు. ఓనర్లకు ఇవ్వబోతే డాష్‌బోర్డు అందం పోతుందని వద్దన్నారు. కట్టలు ఇప్పటికీ మా బీరువా అడుగున ఉన్నాయి.

వంతెన మధ్యలో ద్వీపం మీద అందర్నీ దింపారు. ముందు సౌదీవాళ్ళ ముద్ర, తర్వాత బహ్రెయిన్‌వాళ్ళ ముద్ర. అవన్నీ అయ్యేసరికి ఎండ తగ్గింది. నాకు మూడు రోజులకు వీసా ఇచ్చారు. మనామా చేరేసరికి నాలుగున్నర. బస్సు దిగి సూక్ బజారు పక్కనుంచి నడుచుకుంటూ నయీమ్ పేటకు పోయాను. లాడ్జి వెతుక్కునే పని లేదు. నయీమ్‌లో మా జగిత్యాలవైపు వాళ్ళ గది ఒకటుంది, మంచం మీద మంచం వేసుకుని ఉంటారు. ఎవరొచ్చినా ఇంత చోటిస్తారు.

రాజేశం మెట్ల మీదే కూర్చుని ఉన్నాడు. ఊళ్ళో ట్రాక్టరు నడిపేటప్పుడు వాడి ఈలలు రెండు పొలాల అవతలికి వినబడేవి. ఇప్పుడు నన్ను చూసి లేచి నిలబడి, "వచ్చినవా బావా" అని గొణిగాడు. గదిలో ఎల్లయ్య కాక కోడికూర వండుతున్నాడు. ఆయన ఇక్కడ డ్రైవర్లందరికీ పెద్ద దిక్కు, కొత్తగా వచ్చినవాళ్ళకు ఆటోమేటిక్ గేరు నేర్పేది ఆయనే. ఆయన పెట్టిన అన్నం తింటూ అడిగాను.

"అసలేమైందో మొదట్నుంచి చెప్పు."

"మేడం బజార్ల సామాన్ కొన్నది బావా. ఇంటి ముంగట ఆపిన. పిల్లలు మల్ల ఎక్కుతరు, ఏసీ బంద్ జెయ్యకని లోపల్కి వోయింది. నేను బండి పండవెట్టి దిగిన. డిక్కీ తీసిన. వంట జేసే కుసుమక్క సామాన్ అందుకుంటున్నది. గప్పుడే పిల్లగాడు ఉర్కొచ్చి దర్వాజ ధడేల్మని ఏసిండు. బండి ఎన్కకొచ్చింది. గోడకూ బండికీ నడుమ ఆమె కాలు..."

"పోలీసులకు ఏం చెప్పినవ్?"

"గిదే చెప్పిన. హిందీల చెప్పిన. గాడీ సులాకే ఉతరా అన్న."

తేడా ఎక్కడొచ్చిందో నాకప్పుడు తెలిసింది. ఇంగ్లీషు రాని మనవాళ్ళకు ఎల్లయ్య కాక గేరు అక్షరాలు ఇలా నేర్పుతాడు. పీ అంటే పండు. ఆర్ అంటే రివాసు. ఎన్ అంటే నడుమ. డీ అంటే దౌడు. పీలో పెడితే బండి పండుకుంటుంది, అంటే పడుకుంటుంది. గల్ఫులో ఉన్న మావాళ్ళెవరూ బండిని పార్కింగులో పెట్టామనరు, పండవెట్టామంటారు. రాజేశం ఆ మాటనే హిందీలో చెప్పాడు, బండిని నిద్రపుచ్చి దిగానని. ఆ హిందీని అరబ్బీలోకి మార్చిన బలూచీ పోలీసుకు సులాకే అన్నది సోకే అని వినబడింది. నిద్రపుచ్చినవాడు నిద్రపోయినవాడయ్యాడు.

ఎల్లయ్య కాక గరిటె పక్కన పెట్టాడు. "ఎంతమందికి నేర్పిననో! గీ మాట గిట్ల కాటేస్తదని ఎవడనుకున్నడు!" అన్నాడు.

రాజేశానికి అన్నిటికంటే పెద్ద భయం జైలు కాదు. "నిద్రవోయి ఆడిమనిషి కాలు ఇరగ్గొట్టినోడంటే ఊళ్ళె ట్రాక్టర్ గూడ ఇయ్యరు బావా. నాకు ఇంకో పని రాదు" అన్నాడు. మాట పొరపాటు గనక దిద్దుకోవచ్చని ధైర్యం చెప్పాను. నిజంగానే అలా నమ్మాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా.

శుక్రవారం ఎనిమిదింటికి షేరింగ్ టాక్సీలో జింజ్‌కు బయల్దేరాం. దారిలో ఒక కాకినాడ నర్సమ్మ ఎక్కింది, తెల్లచీర, చేతిలో బైబిలు. శుక్రవారం తెలుగు సంఘం ప్రార్థనకు పోతోంది. కుసుమ ఉన్న ఆసుపత్రిలోనే ఆవిడ డ్యూటీ, రాజేశానికి ముఖపరిచయం.

"కాలికి రాడ్డేశారండీ. నడుస్తాది గానీ కుంటు మిగిలిపోద్దండి" అంది. ఆ పైన వాడివైపు తిరిగి, "నిన్ను తిట్టట్లేదు బాబూ. డ్రైవరు మెలకువగానే ఉన్నాడని ఆవిడే అంటోంది. ఆవిణ్ణి అడిగినోళ్ళే లేరు" అంది.

రాజేశం కఫీల్‌ది పెద్ద ఇల్లు. ఆయన మర్యాదస్తుడు, బొంబాయిలో వ్యాపారం చేసినవాడు, హిందీ శుభ్రంగా వచ్చు. నేను ఫలానా కౌంటర్లో పనిచేస్తానంటే మొహం వికసించింది. టీ తెప్పించి, నన్ను బండి దగ్గరికి తీసుకుపోయి, ఎక్కడెక్కడ తిరిగిందీ చెప్పాడు. ఒక్కనాడు కూడా దారిలో ఆగలేదన్నాడు. వెనక బంపరు వంగి ఉంది, గోడ మీద గీత ఉంది. ఆయన చెయ్యి బండి పైకప్పు మీదే ఉంది, పెంపుడు గుర్రాన్ని నిమిరినట్టు.

సులాకే, సోకే సంగతి చెప్పాను. ఆయన నవ్వాడు, బాగా అర్థమైంది. అప్పుడు నేను బండి స్టార్టు చేసి, పీలో పెట్టి, దిగి తలుపు వేశాను. కదల్లేదు. మళ్ళీ పెట్టాను, గట్టిగా వేశాను. కదల్లేదు. రాజేశం మొహం పాలిపోయింది. నాలుగోసారో ఐదోసారో, తలుపు వేసిన క్షణం అలాగే ఉండి, తర్వాత మెల్లగా వెనక్కి పాకడం మొదలుపెట్టింది. రాజేశమే దూకి లోపలికి చొరబడి బ్రేకు తొక్కాడు. దిగి నావైపు చూశాడు. ఆ చూపులో వాడికి పోయిందనుకున్న ప్రాణం మొత్తం తిరిగి వచ్చింది.

కఫీల్ అంతా కళ్ళారా చూశాడు. కాసేపు గడ్డం నిమురుకున్నాడు.

"నీ మాట నిజమే. వీడు నిద్రపోలేదు" అన్నాడు.

"రేపు స్టేషన్లో ఈ మాట మీరు చెప్పండి" అన్నాను.

"ఎలా చెప్పను? డ్రైవరు నిద్రపోతే డ్రైవర్ని మారుస్తాను. గేరు నిద్రపోతే బండిని మార్చాలి. నా ముగ్గురు పిల్లలూ పుట్టి ఆసుపత్రినుంచి ఈ బండిలోనే ఇంటికొచ్చారు. పైగా పాడైన బండిని రోడ్డెక్కించినందుకు కేసు నా మీదికి తిరుగుతుంది. వాడి తప్పంటే ఇన్సూరెన్సువాళ్ళు అంతా చూసుకుంటారు. జైల్లో పెట్టనివ్వను, నా మాట. ఊరికి పంపేస్తాను, ఖలాస్."

ఇంత నిజాయితీగా అన్యాయం చేసేవాణ్ణి నేను అంతకుముందు చూడలేదు. అబద్ధమాడి ఉంటే అరిచేవాణ్ణి. ఆయన వంగి పగిలిన వెనక లైటు చూపించి, "దీని అద్దం మీ కౌంటర్లో దొరుకుతుందా?" అని అడిగాడు.

"దొరుకుతుంది" అన్నాను. నోటికి అలవాటైన మాట, అదే వచ్చేసింది. రాజేశం తల దించుకున్నాడు. వాడికి నా మీద కోపం వచ్చినా బాగుండేది.

శనివారం ఎనిమిదిన్నరకు స్టేషనులో ఉన్నాం. బలూచీ పోలీసు మంచివాడే. నేను చెప్పింది విని నుదురు కొట్టుకుని, "అచ్ఛా, సులాకే!" అన్నాడు. వెంటనే లేచి ఆఫీసరుకు చెప్పాడు. ఆఫీసరు కఫీల్ వైపు చూసి, బండిలో ఏమైనా లోపముందా అని అడిగాడు. కఫీల్ లేదన్నాడు. వంటమనిషిని అడగండి అని నేనన్నాను. ఆమె ఆసుపత్రిలో ఉంది గదా అన్నారు. బండిని రప్పించి చూడండి అన్నాను. నువ్వెవరని అడిగారు. స్పేర్ పార్టుల కౌంటరులో పనిచేస్తానంటే, కంపెనీనుంచి కాగితం తెచ్చావా అన్నారు. కంపెనీ పంపిన స్టిక్కరు తప్ప ఇంకో కాగితం లోకంలో లేదు, అదీ దమ్మామ్‌లో మా బీరువా అడుగున ఉంది.

రాజేశం ఆ పాత కాగితం మీదే తెలుగులో సంతకం పెట్టాడు. ఆ అక్షరాలు అక్కడెవరికీ చదవడం రాదు. కఫీల్ వాడి భుజం తట్టాడు.

బయటికొచ్చాక వాడు ఒక్కటే అడిగాడు. "అక్కకు ఏమని చెప్తవ్ బావా?"

"జరిగింది చెప్త."

"జరిగింది చెప్తే నమ్ముతరా? పోలీసోళ్ళే నమ్మలే."

బొంబాయి విమానం సోమవారం. అప్పటిదాకా వాడు నయీమ్ గదిలోనే ఉంటాడు. నేను మూడు గంటల బస్సెక్కాను. సూక్‌లో అందరూ కొనుక్కునే బంగారం దుకాణాల వైపు కూడా పోలేదు. బహ్రెయిన్ ఎలా ఉందని క్యాంపులో అడుగుతారు. బాగానే ఉంది. మనుషులు మర్యాదస్తులు, టీ ఇస్తారు, మన మాట పూర్తిగా వింటారు. విన్న తర్వాత కూడా ఏమీ మారదు. ఆ బండ్లను చేసినవాళ్ళ చరిత్ర మా గోడ మీద ఉంది, కొన్నవాళ్ళ ముచ్చట్లు నా చెవుల్లో ఉన్నాయి. వాటిని నడిపినవాళ్ళు ఏమయ్యారో రాయడానికి ఏ గోడా లేదు.

ద్వీపం మీద మళ్ళీ దింపారు. సౌదీ కిటికీ దగ్గర కుర్రాఫీసరు నా ఇకామా నివాస పత్రంలో కంపెనీ పేరు చూసి కళ్ళు పెద్దవి చేశాడు. "మా ఇంట్లోనూ అదే బండి! మంచి బండి కదా?" అన్నాడు, సగం ఇంగ్లీషులో, సగం హిందీలో. ఏ మోడలని అడిగాను. చెప్పాడు. రాజేశం నడిపిందే.

వెనక వరస పెరుగుతున్నా, వచ్చిన అరబ్బీ, ఇంగ్లీషు, చేతి సైగలు అన్నీ కలిపి చెప్పాను. ఇంజను ఆపకుండా దిగొద్దు, గేరు పడుకున్నట్టే ఉండి జారుతుంది, నిన్న నా కళ్ళతో చూశాను, ఒకామె కాలు విరిగింది అన్నాను. అతను శ్రద్ధగా విన్నాడు.

"నాకేం భయం లేదు. నేను నడపను, మా డ్రైవరు నడుపుతాడు. వాడూ హిందీయే, మీ ఇండియావాడే" అని, నన్ను సంతోషపెడుతున్నట్టు నవ్వి, ముద్ర కొట్టాడు.