కత్తెర చప్పుడు

మా టైలరమ్మకు పుట్టుకతోనే చెవులు వినపడవు. ఆవిడ మా వదినకు సొంత చెల్లెలు. తల్లి పోయాక అక్క దగ్గరికి వచ్చి, వంటింటి పక్క గదిలో కుట్టుమిషను వేసుకుని కూర్చుంది. ఊళ్ళోవాళ్ళ రవికలు, స్కూలు నిక్కర్లు కుట్టడం ఒక ఎత్తు, మా పడవ సామాను కుట్టడం ఒక ఎత్తు. పడవ మీద ఎండకు కప్పే నీలం గుడ్డ ఆవిడ చేతిదే. లైఫ్ జాకెట్లకు తెగిపోయిన పట్టీలు మళ్ళీ వేసిందీ ఆవిడే. గుడ్డయినా చిరుగుతుందేమో గానీ ఆవిడ వేసిన కుట్టు ఊడదని నేను బల్ల గుద్ది చెబుతాను.

ఆవిడకు ఏం కావాలన్నా కత్తెర పిడితో గోడ మీద కొట్టేది. గోడకు అవతల వంటిల్లు. టక్ టక్, కాస్త ఆగి, టక్. టీ కావాలన్నా అదే, బొత్తాలు అయిపోయినా అదే. మా వదినది నోరు పెద్దది, మనసు వెన్న. అయినా ఆ చప్పుడు వింటే మాత్రం విసుక్కునేది.

"కొట్టనీ. అరిగితే గోడే కదా అరిగేది!" అనేది. బియ్యం కడగడం అయ్యాకో, పక్కింటావిడతో కబుర్లు ముగిశాకో తీరిగ్గా లేచి వెళ్ళేది. ఈలోగా అవతల చప్పుడు ఆగేది కాదు. అక్క గుమ్మంలో కనబడేదాకా టైలరమ్మ కొడుతూనే ఉండేది.

మాది దీవి చూడ్డానికి వచ్చేవాళ్ళని తిప్పే పడవ. పొద్దున రేవులో జనాన్ని ఎక్కించుకుని, దీవి తీరం వెంబడి తిప్పి, పొద్దుగూకేలోపు తెచ్చి దించుతాం. చుక్కాని నాది. ఇంజను అన్నది. జనం సంగతంతా వదినది. జనాన్ని లెక్కబెట్టడానికి వదినకు ఒక పద్ధతి ఉంది. ఎక్కగానే ఎవరి చెప్పులు వాళ్ళు చెక్క అరల్లో పెట్టాలి, మనిషికో అర. మధ్యలో ఒక ఇసుక మేట దగ్గర దింపినప్పుడు, పగడపు ముక్కలు గుచ్చుకుంటాయి కాబట్టి ఎవరి చెప్పులు వాళ్ళు వేసుకుని దిగుతారు. తిరిగొచ్చి మళ్ళీ అరలో పెడతారు. ఖాళీ అర కనబడలేదంటే అందరూ ఎక్కినట్టే. తలలు లెక్కపెడితే తప్పుతాయి, అటూ ఇటూ తిరుగుతాయి, చెప్పులు పెట్టినచోట ఉంటాయి అనేది వదిన. ఆ పద్ధతి ఒక్కనాడూ తప్పలేదు. మా ఇంటివాళ్ళం మాత్రం చెప్పులు రేవులోనే వదిలేసి ఎక్కుతాం. మాకు అరలు లేవు.

పైగుడ్డ పాతబడి చివర్లు పీలికలైంది. కొత్తది కుట్టమంటే, గాలికి ఎక్కడెక్కడ లాగుతోందో కళ్ళారా చూడకుండా కుట్టనని టైలరమ్మ చేతులతో చెప్పింది. అన్నేళ్ళు పడవకు బట్టలు కుట్టిన మనిషి పడవెక్కడం అదే మొదటిసారి.

ఆ పొద్దున ఆవిడ మొహం చూసి తీరాల్సింది. నల్లరాతి కొండ మీంచి సముద్రంలోకి సన్నగా జారే జలపాతం, నీళ్ళ మీదికి వంగిన కొబ్బరిచెట్లు, అడుగున పగడాలు కనబడేంత తేట నీళ్ళు. ప్రతిదానికీ నా చొక్కా పట్టి లాగి చూపించేది. ఆ దారి నాకు ఏనాడో మొహం మొత్తింది. ఆవిడ పక్కన నిలబడితే మళ్ళీ బాగుందనిపించింది. కాసేపటికి కిందికెళ్ళి ఇంజను దగ్గర పలకల మీద అరిచేతులు ఆనించి కూర్చుంది. ఆ వణుకు తనకు భలే నచ్చిందట. "మీ చెల్లి అన్న ఉద్యోగానికి ఎసరు పెట్టేట్టుంది వదినా," అన్నాను నేను. అన్న నవ్వి ఊరుకున్నాడు.

ఇసుక మేట రెండు రాతి చేతుల మధ్య ఉంటుంది. ఆటు ఉన్నంతసేపే అది మేట. పోటు వచ్చిందంటే పిడికెడు ఇసుక కూడా మిగలదు. అందుకని వేళకు హారన్ కొడతాం, జనం వచ్చేస్తారు. ఆ రోజూ కొట్టాం, వచ్చేశారు. వదిన అరలు చూసి, "అన్నీ నిండాయి, పోనీ," అంది. నేను పడవ తిప్పాను.

టైలరమ్మ ఇంజను దగ్గర ఉందని వదిన అనుకుంది. నా దగ్గర ఉందని అన్న అనుకున్నాడు. వెనక అక్క దగ్గర ఉందని నేననుకున్నాను. ఆవిడ జనంతో పాటు మేట మీద దిగడం ముగ్గురిలో ఎవరం చూడలేదు. చాలా దూరం వచ్చేశాక వదిన టీ గ్లాసు పట్టుకుని ముందుకు వచ్చింది.

"చెల్లి ఏదయ్యా?"

"వెనక లేదా?"

వదిన గ్లాసులో టీ తొణికి వేళ్ళ మీద పడింది, వేడి తెలిసినట్టు లేదు. అరల వైపు చూసింది. అన్నీ నిండుగా ఉన్నాయి.

నేను చుక్కాని తిప్పాను. ఏమైందో తెలిసి పడవలో అందరూ ఒక్కసారి లేచి నిలబడ్డారు. కూర్చోమని అరిచాను. పొద్దున అద్దంలా ఉన్న నీళ్ళు ఇప్పుడు నల్లబడ్డాయి, అలలు బలిశాయి. కొండ నీడ తీరమంతా పరుచుకుంది. పొద్దున నేను ముచ్చటపడ్డ ప్రతి రాయీ ఇప్పుడు భయపెట్టింది. పోటు మొదలై ఎంతసేపయిందో నాకు తెలుసు. వదినకూ తెలుసు. అందుకే ఇద్దరం మొహాలు చూసుకోలేదు.

మేట దగ్గరికి వచ్చాం. ఇసుక లేదు. రెండు రాళ్ళ మధ్య నీళ్ళు ఎగిరెగిరి పడుతున్నాయి. మనిషి జాడ లేదు.

నేను హారన్ నొక్కిన చెయ్యి తియ్యలేదు. జనం గొంతులు చించుకుని కేకలు పెడుతున్నారు. అన్న కిందినుంచి ఉరికొచ్చి, "టైలరమ్మా!" అని అరుస్తున్నాడు. ఎవరిని పిలుస్తున్నామో ఒక్కరికీ తోచలేదు. భయానికి బుద్ధి ఉంటుందా?

వదిన పడవ అంచు పట్టుకుని నీళ్ళలోకి చూస్తోంది. ఉన్నట్టుండి నా చెయ్యి హారన్ మీంచి లాగేసింది.

"ఆపవయ్యా! అదేమన్నా వింటుందా? వినాల్సింది మనం! ఏవండీ, ఇంజనాపండి. మీరంతా నోళ్ళు ముయ్యండి!"

"ఇంజనాపితే రాళ్ళ మీదికి కొట్టుకుపోతామే," అన్నాడు అన్న.

"పోతే పోదాం. ఆపండి!"

అన్న ఆపాడు. పడవ రాళ్ళ వైపు జారడం నా అరికాళ్ళకు తెలుస్తోంది. నా జన్మలో అంత భయం ఎరగను. అల వచ్చి రాతిని కొట్టి వెనక్కి పోయింది. ఇంకో అల. ఆ రెంటి మధ్య సన్నగా వినబడింది.

టక్ టక్. కాస్త ఆగి, టక్.

"కత్తెర!" అంది వదిన. అని, లైఫ్ జాకెట్ తొడుక్కుంటూనే దూకింది.

అన్న ఇంజను అందుకున్నాడు. చుక్కాని కూడా అన్నకే వదిలి, తాడు నడుముకు కట్టుకుని నేనూ దూకాను. చప్పుడు కుడివైపు రాతికి అవతలినుంచి వస్తోంది. అక్కడో చీలిక ఉంది. టైలరమ్మ అందులో, రాతికి వీపు ఆనించి, గుండెల దాకా నీళ్ళలో నిలబడి ఉంది. చేతిలో రాయి. వేళ్ళ కణుపులు పగిలి నెత్తురు కారుతోంది. తల మునిగేట్టు అల వచ్చి పోయాక మళ్ళీ కొడుతోంది. మమ్మల్ని చూశాక గానీ రాయి వదల్లేదు. వదిన తన జాకెట్ పట్టీ ఆవిడ చేతికి అందించింది. అల ముగ్గురినీ ఒకేసారి వెనక్కి లాగింది. బరువంతా ఆ పట్టీ మీదే పడింది. అది ఊడలేదు.

పడవలో పడుకోబెట్టి దుప్పట్లు కప్పాం. వదిన కౌగిలించుకోబోతే టైలరమ్మ తోసేసింది. చేతులతో అడిగింది. మా ఇంటి సైగలు కాబట్టి నాకూ అర్థమైంది.

"ఎప్పటినుంచో కొడుతున్నా. మీ అందరికీ చెవులున్నాయిగా. ఎందుకు రాలేదు?"

వదినకు మొదట అర్థం కాలేదు. తర్వాత మొహం పాలిపోయింది. చప్పుడు కొంతదూరం పోయాక చచ్చిపోతుందని ఆవిడకు ఎవరు చెప్పారు గనక? చెవులున్నవాళ్ళకు ఎక్కడున్నా అన్నీ వినబడతాయనే ఆవిడ అనుకుంది. మేము వెళ్ళిపోయిన పడవలో కూర్చుని ఆ చప్పుడు వింటూనే ఉన్నామని అనుకుంది. నీళ్ళు మోకాళ్ళకు వచ్చినా, నడుముకు వచ్చినా, అక్క వింటోందనే అనుకుంది.

"వినపడలేదే! నిజంగా వినపడలేదే!" అని వదిన చెవులు పట్టుకుని, తల ఊపుతూ ఏడ్చింది.

టైలరమ్మ నమ్మినట్టు లేదు. అయినా కోపం తగ్గింది. అక్క కళ్ళు తుడిచి, మెల్లగా చేతులు కదిపింది.

"నువ్వెప్పుడూ ఆలస్యంగానే వస్తావుగా. అందుకే ఆపలేదు."

పడవలో ఆ సైగలు తెలిసింది మా ముగ్గురికే. అన్న మొహం తిప్పుకుని కిందికి వెళ్ళిపోయాడు. రేవు చేరేదాకా వదిన ఆ పగిలిన చేతిని ఒళ్ళోనే పెట్టుకుంది.

చెక్క అరల మీద ఇప్పుడు ఇంకో వరస ఉంది, మా ఇంటివాళ్ళకి. కొత్త గుడ్డ కుట్టింది టైలరమ్మే గానీ, మళ్ళీ పడవెక్కలేదు. ఎక్కమని మేమూ అనలేదు.

ఇప్పుడు గోడ మీద మొదటి టక్ పడగానే వదిన చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి పరిగెడుతుంది. అన్నం మాడిన రోజులూ ఉన్నాయి. టైలరమ్మ మాత్రం గుమ్మంలో నిలబడ్డ అక్కను చూస్తూ కూడా ఆ మూడో టక్ కొట్టాకే కత్తెర కింద పెడుతుంది.