తల విచ్చిన పంచ్

పక్క ఫ్లాట్ వాళ్లు బాల్కనీకి గ్రిల్ పెట్టించుకుంటున్నారు. పొద్దుటి నుంచి ఇనుము కోస్తున్న రొద, దాంతోపాటు కాలిన ఇనుము వాసన వంటింట్లోకి, ఆరేసిన బట్టల్లోకి, తాగుతున్న చాయ్‌లోకి కూడా వచ్చేస్తోంది. ఇంట్లో అందరూ తలుపులు మూయమంటున్నారు. నేను మాత్రం ఆ వాసనకు తొమ్మిదేళ్ల పిల్లనై కార్ఖానా బస్తీలో మా బాపు షాపు మెట్టు మీద కూర్చున్నాను.

ఒక్క గది షాపు అది. ఎండాకాలం రేకుల కింద ఉడికిపోయేది, వానాకాలం మూడు చోట్ల కురిసేది. లేత్ మిషన్ మీంచి నీలం రంగు తిరిగిన ఇనుప చుట్టలు రాలుతుంటే, అవి చల్లారేదాకా ఆగి గాజుల్లా ఏరుకోబోయి వేళ్లు కోసుకునేదాన్ని. మధ్యాహ్నం అమ్మ జొన్నరొట్టె, చింతకాయ తొక్కు పంపేది. బాపు కిరసనాయిలుతో, రంపపు పొట్టుతో చేతులు రుద్దుకుని కూర్చునేవాడు. అయినా ఆయన తుంచి ఇచ్చిన రొట్టె ముక్కకు నూనె వాసన ఉండేది. నాకు అదే రుచి.

షాపులో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది పంచ్‌ల పెట్టె. పంచ్ అంటే జానెడు కూడా లేని ఉక్కు కడ్డీ. మొనను ఇనుము మీద ఆనించి తల మీద సుత్తితో కొడితే గుర్తు పడుతుంది. పాత సామాన్ల వేలంలో కొన్నవి, చనిపోయిన మేస్త్రీల ఇళ్ల నుంచి తెచ్చినవి, ముప్పై దాకా ఉండేవి. బాపు నా కళ్లు మూయించి ఒక్కొక్కటీ చేతిలో పెట్టేవాడు.

"గిది ఏందో చెప్పు బిడ్డా."

"డాట్ పంచ్."

"ఎట్ల తెల్సింది?"

"సన్నగ గుచ్చుతుంది బాపు."

డాట్ పంచ్ మొన సన్నం, గీసిన గీత మీద చుక్కలు పెట్టడానికి. సెంటర్ పంచ్ మొన కొంచెం మొద్దు, డ్రిల్ జారకుండా నిలబడేంత గుంట చేయడానికి. పిన్ పంచ్‌కు అసలు మొనే ఉండదు, ఇరుక్కున్న పిన్నును తట్టి బయటికి తోయడానికి కొస చదునుగా ఉంటుంది. పని లేని వేళ పాత రేకు మీద డాట్ పంచ్‌తో నేను ముగ్గు చుక్కలు కొట్టేదాన్ని. వరస తప్పితే బాపు రేకు తిప్పి పెట్టేవాడు, మళ్లీ మొదలుపెట్టమని.

శనివారం మధ్యాహ్నం నాకో పని ఉండేది. పంచ్‌లన్నిటినీ నూనె గుడ్డతో తుడిచి, దెబ్బలకు తల పుట్టగొడుగులా విచ్చుకున్నవాటిని వేరే డబ్బాలో వేయాలి. ఆ అంచులను బాపు సానరాయి మీద అరగదీసేవాడు. అవి అట్లాగే ఉంటే, కొట్టినప్పుడు ముక్క లేచి ఎవరి కంట్లోనైనా పడుతుందని ప్రతి వారం చెప్పేవాడు.

బోనాల ముందు రోజు కూడా శనివారమే. అమ్మ బోనం కుండకు పసుపు పూసి, వేపమండలు తెప్పించింది. గాజులు కొనుక్కోవడానికి పోదామని పక్కింటి స్వరూప మెట్టు దగ్గర తొందరపెడుతోంది. నా చేతిలో ఒక సెంటర్ పంచ్ ఉంది. తల విచ్చింది. చూశాను. డబ్బా గది అవతలి మూల ఉంది. పంచ్‌ను పెట్టెలోనే పడేసి పరిగెత్తాను.

రెండు చేతులకూ ఆకుపచ్చ గాజులతో తిరిగివచ్చేసరికి షాపు ముందు జనం ఉన్నారు. ఎదురు షాపులో వెల్డింగ్ పనిచేసే యాదన్న నన్ను పక్కకు తీసుకుపోయాడు.

"మీ బాపు కంట్ల ఇనుప ముక్క పడ్డది బిడ్డా. దవాఖానకు తీస్కపోయిన్రు. నువ్వు ఇంటికి పో."

కుడి కన్ను పోయింది. ఆ ఏడు మా ఇంట్లో బోనం ఎత్తలేదు.

ఒంటికన్నుకు దూరం దగ్గర తెలియదు. గీతలు కలిసే చోట పెట్టాల్సిన చుక్క పక్కకు పోయేది. చుక్క తప్పితే రంధ్రం తప్పుతుంది, రంధ్రం తప్పితే పనంతా దండగ. బడి అయ్యాక నేను పోయి మొన ఆనించి పట్టుకుంటే, బాపు సుత్తి ఎత్తేవాడు. రెండేళ్లు అట్లా నడిపాం. ఒకరోజు దెబ్బ నా బొటనవేలి మీద పడింది. గోరు నల్లబడింది. నాకు రావాల్సినది కొంతైనా వచ్చిందనుకున్నాను, ఏడవలేదు. బాపు సుత్తి కింద పెట్టి, షటర్ దించేశాడు. మళ్లీ ఎత్తలేదు. లేత్ అమ్మేశాడు. ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్‌గా, మంచం పట్టేదాకా స్టూలు మీద కూర్చున్నాడు.

బాపు పోయే ముందటి వానాకాలం, ఆయన మంచం పక్కన కూర్చుని చెప్పాను.

"బాపూ, ఆ పంచ్ నేనే పెట్టెల ఏసిన. తల విచ్చింది చూసి సుత ఏసిన."

బాపు నా వైపు తిరిగాడు.

"నేను సుత చూసిన బిడ్డా. ఇంకొక్క దెబ్బకు ఏమైతది తియ్ అనుకున్న."

అంతే అన్నాడు. అటు తిరిగి పడుకున్నాడు.

నిజంగా చూశాడా? తల విచ్చిన పంచ్‌ను ఎంత తొందరలోనైనా ముట్టని మనిషి. నా కోసమే అన్నాడేమోనని ఒకరోజు, నిజమే చెప్పాడేమోనని ఒకరోజు. ఏ రోజూ తేలదు. షాపు ఉన్నచోట ఇప్పుడు సోఫాలు అమ్ముతున్నారు. యాదన్న పోయి చాలా ఏళ్లయింది. ఉన్నా ఏం చెప్పగలడు? ఆ సాయంత్రం, ఆ దెబ్బ పడేటప్పుడు, షాపులో బాపు ఒక్కడే ఉన్నాడు.