మిరపకాయలప్పటి చోటు

ఈ ఏడు మా పొలం కౌలుకు తీసుకున్నాయన పొద్దున్నే వచ్చి, "మిరపకాయలు కల్లం నుంచే కోల్డ్ స్టోరేజీకి తోలేశానండీ, మీ ముందుగదితో పనిలేదు" అన్నాడు. మేలు చేశాననే అనుకుని ఉంటాడు పాపం. అతను వెళ్ళాక ఫోన్‌లో వదిన పట్టిక తెరిచి కూర్చున్నాను.

వదిన అంటే మా ఆయన అక్క. పర్చూరులో టీచరుగా రిటైరై మా దగ్గరే ఉండిపోయింది. నాకు వస్తువుల చోటు మార్చే జబ్బు, ఆవిడకు వెతుక్కోవడమంటే మంట. ఒకరోజు ఇల్లంతా గాలించాక కళ్ళజోడు బియ్యం డబ్బా మీద దొరికింది. "నీతో వేగలేనే, ఈ ఇంటికో డేటాబేస్ చేస్తా" అని కంప్యూటర్ ముందు కూర్చుంది. ఉన్నవన్నీ ఎక్కించేస్తుందనుకున్నాను. ఆవిడ మాత్రం మేం రోజూ దేనికోసం అరుస్తున్నామో కొన్నాళ్ళు విని, అవే ఎక్కించింది: కత్తెర, టార్చి, గ్యాస్ పుస్తకం, మా ఆయన బీపీ మాత్రలు. ఫోన్‌లో పేరు కొడితే చోటు చూపించేది. మా ఆయనైతే గొడుగు ఎదురుగా వేలాడుతున్నా ఫోన్‌లో చూసిగానీ తీసేవాడు కాదు.

ఆ ఏడు ఫిబ్రవరిలో కాయలొచ్చాయి. ముందుగది నిండా గోతాలు, ఇల్లంతా ఘాటు, అందరికీ తుమ్ములు. ఆ గదిలో సామానంతా తలో మూలకూ పోయి, పట్టికలో సగం అబద్ధమైపోయింది. నాకు లోలోపల సంబరమే. వదిన తుమ్ముకుంటూనే పక్కన ఇంకో వరుస చేర్చింది: "మిరపకాయలప్పుడు". కుట్టుమిషను మామూలప్పుడు ముందుగది కిటికీ దగ్గర, మిరపకాయలప్పుడు వదిన మంచం పక్కన. "ఏటా జరిగేదాన్ని తప్పంటే ఎట్టాగే? దానికీ ఒక చోటు పెట్టాలిగా" అంది.

మొన్న వానాకాలంలో వదిన పోయింది. మా ఆయనకు మోకాళ్ళు పట్టేయడంతో పొలం కౌలుకిచ్చేశాం. చోట్లు మార్చే నా జబ్బు దానంతటదే కుదిరింది. ఒక్క డబ్బా జరిపినా ఆవిడ రాసింది తప్పయిపోతుందని భయం. కొన్నిసార్లు చేతిలో ఉన్న కత్తెర పేరే ఫోన్‌లో కొట్టి, ఆవిడ రాసిన జవాబు చదువుకుంటాను. అంత బెంగగా ఉంది ఆవిడ మీద.

మధ్యాహ్నం మా ఆయనను పిలిచి కుట్టుమిషను ఒక చివర పట్టమన్నాను.

"కాయలు రావటం లేదుగా, ఎందుకే?" అన్నాడు.

"ఫిబ్రవరి వచ్చిందిగా" అన్నాను.

నా మొహం వంక చూసి, వంగి ఆ చివర పట్టాడు. మోకాళ్ళ నొప్పితో మధ్యలో రెండుసార్లు ఆగాడు. ఇద్దరం దాన్ని మెల్లగా తీసుకెళ్ళి వదిన మంచం పక్కన పెట్టాం. ముందుగది గోతాలకు సిద్ధంగా, ఖాళీగా ఉంది. నెలలు ఏటా తిరిగొస్తాయి, మనుషుల్ని వెంటబెట్టుకు రావడమే వాటికి చేతకాదు.