వాటిల్ చెట్ల దారిలో నన్ను తిట్టిన ఆవిడ

దయ్యాల్ని చూశామని చెప్పేవాళ్ళంటే నాకు మొదటినుంచీ చిన్నచూపే. ఎవరైనా అలాంటి కథ ఎత్తుకోగానే రెండే ప్రశ్నలు అడిగేవాణ్ణి: అప్పుడు టైమెంత, నీకూ దానికీ మధ్య దూరమెంత? ఒక్కడూ చెప్పలేకపోయేవాడు. నాది సర్వేయరు ఉద్యోగం. కొలత లేని మాట నా దృష్టిలో మాటే కాదు.

ఇప్పుడు నేనే రాస్తున్నాను కాబట్టి టైమూ, దూరమూ రెండూ చెబుతాను. నమ్మమని అడగను. చదివి నవ్వుకుంటే నవ్వుకోండి. ఇంకొకరు రాసుంటే నేనూ నవ్వేవాణ్ణే.

దక్షిణాఫ్రికాలో తెల్లవాళ్ళ పాలన పోయి కొత్త ప్రభుత్వం వచ్చిన రెండో ఏడు పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో రోడ్ల పనులు చూసే ఆఫీసులో నాకు ఉద్యోగం దొరికింది. అక్కడ మనవాళ్ళు బోలెడుమంది ఉన్నారట అని విజయనగరంలో మా ఇంట్లో సంబరపడ్డారు. వచ్చి చూద్దును కదా, ఎప్పుడో చెరకు తోటల్లో కూలికొచ్చిన వాళ్ళ మునిమనవలు. మోజెస్, శామ్యూల్, రూతు. ఇంట్లో మాట్లాడేది ఇంగ్లీషు. తెలుగంటే అవ్వ, తాత, బువ్వ, పచ్చడి, ఒక ప్రార్థన, నాలుగు తిట్లు. ఆ మిగిలిన ముక్కలు కూడా మా ఊళ్ళో ఊడ్పులకొచ్చే ఆడవాళ్ళ యాసలో ఉండేవి. అదే యాసకి విశాఖపట్నం కాలేజీలో నన్ను వెక్కిరిస్తే, ఏడాది పాటు కష్టపడి వదిలించుకున్నాను. సముద్రం దాటొచ్చాక మళ్ళీ అది చెవిన పడితే నాకేమీ ముచ్చటగా అనిపించలేదు. ఒళ్ళు మండేది.

మోజెస్ మా ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. యాభై ఆరేళ్ళ మనిషి. ఊళ్ళోనే నార్త్‌డేల్ అనే పేటలో భార్యతో, తొంభై దాటిన తల్లితో ఉండేవాడు. ఆఫీసులో నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కూడా ఆయన్ని అంకుల్ అనేవారు. నేను మాత్రం పేరు పెట్టి పిలిచేవాణ్ణి. ఆయన నన్ను ‘తమ్మీ’ అనేవాడు. అలా పిలవొద్దని ఒకసారి చెప్పాను కూడా. నవ్వి ఊరుకున్నాడు.

ఊరికి పడమట ఒక కొండ ఉంది. దాని మీదకి పూర్వం ఎద్దుబళ్ళు వెళ్ళిన దారి ఇప్పుడు నడక దారి. కింద పైన్ చెట్లు, మధ్యలో వాటిల్ చెట్లు. వాటిల్ అంటే మన తుమ్మ జాతిదే, బెరడు తోళ్ళు పదును చెయ్యడానికి పనికొస్తుంది. పైకెక్కితే ఊరంతా పళ్ళెంలో పెట్టినట్టు కనబడుతుంది. మోజెస్ ఇంటి పెరట్లో నిలబడితే ఆ కొండ ఎదురుగానే ఉంటుంది. అయినా ఆయన ఒక్కసారి కూడా ఎక్కలేదు. మొన్నమొన్నటిదాకా అది తెల్లవాళ్ళకే.

“ఇప్పుడు ఆపేవాడెవడూ లేడు కదా?” అన్నాను.

“లేడు. ఆ సంగతి నాకు తెలుసు, నా కాళ్ళకి ఇంకా తెలీదు” అన్నాడు ఇంగ్లీషులో. తరవాత గొంతు తగ్గించి, వాళ్ళ అమ్మ ఆ కొండ మంచిది కాదంటుందని చెప్పాడు. ఒకప్పుడు మనవాళ్ళు అక్కడ బెరడు ఒలిచేవారట, కొందరు తిరిగి రాలేదట.

ఆఫీసులో పదిమంది ముందు పకపకా నవ్వాను. ఆ శనివారమే తీసుకెళ్తానన్నాను. ఆయన మీద ప్రేమతో కాదు. మూఢనమ్మకం ఎంత పనికిమాలినదో చూపిద్దామని.

పొద్దున ఎనిమిదింటికి బయల్దేరాం. దారి మొదట్లో ఒక బోర్డు ఉంది. దాని మీద ‘తెల్లవాళ్ళకి మాత్రమే’ అన్న పాత అక్షరాల మీద కొత్త రంగు పూశారు గానీ, పక్కనుంచి చూస్తే కిందివి కనబడుతూనే ఉన్నాయి. మోజెస్ దాని ముందు ఆగి టోపీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. ‘ఈ నాటకాలొకటి’ అనుకుని నేను ముందుకు నడిచాను.

ఆయన మెల్లగా ఎక్కుతున్నాడు. ఆయాసం. భుజానికి సంచి, అందులో భార్య కట్టిచ్చిన రొట్టెలు, ఫ్లాస్కు నిండా తియ్యటి టీ. చూడలేక సంచి నేను తీసుకున్నాను. ఆయనకి షుగరుందని, సూది మందు వేసుకుంటాడని ఆఫీసులో అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

వాటిల్ చెట్లు మొదలైన కాసేపటికి మంచు దిగింది. మోజెస్ దారి పక్కన ఒక బండ మీద కూలబడ్డాడు. “చాలు తమ్మీ, దిగిపోదాం” అన్నాడు. చేతులు వణుకుతున్నాయి. భయం అనుకున్నాను.

“పిరికివాళ్ళని వెంటేసుకొస్తే ఇంతే. ఇక్కడే కూర్చో, నేను పైదాకా వెళ్ళొస్తాను” అన్నాను.

అప్పుడు టైము తొమ్మిదీ ఇరవై. సంచి నా భుజాన్నే ఉంది.

నడుస్తున్నప్పుడు అడుగులు లెక్కపెట్టుకోవడం నాకు అలవాటు. పదిహేడు వందలు దాటాక, వాచీలో తొమ్మిదీ నలభై రెండప్పుడు, ఒక మలుపులో ఎదురుగా ఒకావిడ దిగుతూ కనిపించింది. మంచులోనే గానీ, నాకూ ఆవిడకీ మధ్య దూరం పది అడుగులుండదు. నల్లటి మనిషి, అరవై ఏళ్ళుంటాయి. చీర మోకాళ్ళ దాకా ఎగ్గట్టి ఉంది, నెత్తి మీద బెరడు మోపు. ఆ దేశంలో అలా చీర ఎగ్గట్టినవాళ్ళని నేనప్పటిదాకా చూడలేదు. ఎవరో మతి లేని మనిషి అనుకుని పక్కకి తప్పుకున్నాను.

ఆవిడ తప్పుకోలేదు.

“ఆడి బువ్వ నీ బుజానేసుకోని ఎక్కడికెల్లిపోతన్నావురా?” అంది.

ముక్కలు ముక్కలుగా కాదు. క్రియలతో, విభక్తులతో, మా జిల్లా మాట. నాకు ఒళ్ళు జలదరించిందని రాస్తే బాగుంటుంది గానీ అది అబద్ధం. నాకు కోపం వచ్చింది. మోపులు మోసే మనిషి నన్ను ‘రా’ అంటుందా?

“ఎవర్నువ్వు? ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా? కాస్త మర్యాదగా మాట్లాడు” అన్నాను.

నన్ను కిందనుంచి పైదాకా ఒకసారి చూసింది. మా ఇంట్లో పాలేరు పాడైపోయిన వంకాయని అలా చూసేవాడు. నన్ను దాటి కిందకి నడిచింది. నేను వెనకాలే పడ్డాను, గట్టిగా నాలుగు మాటలు అడిగి తీరాలని. మోజెస్ నాకు అసలు గుర్తే లేడు.

అలవాటు కొద్దీ అడుగులు లెక్కపెడుతూనే ఉన్నాను. ఆవిడ వీపు నాకు కనబడుతూనే ఉంది, ఎంత వేగంగా నడిచినా దూరం తగ్గలేదు. మూడువందల పది దగ్గర ఆవిడ లేదు. బండ ఉంది. మోజెస్ కూర్చున్న బండ.

ఎక్కడానికి పదిహేడు వందల అడుగులు పట్టిన దారి, దిగడానికి మూడువందల పది. టైము తొమ్మిదీ నలభై ఆరు.

మోజెస్ బండ మీద లేడు. దారి కింద వాలులో ఒక మొద్దుకి ఆనుకుని పడి ఉన్నాడు. చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి, నేను కనబడటం లేదు. తల కింద చుట్ట చుట్టిన వాటిల్ బెరడు, అప్పుడే ఒలిచినట్టు లోపల తడిగా. ఆ తోటలో చాలా ఏళ్ళుగా ఎవరూ బెరడు ఒలవడం లేదని తరవాత అడవి కాపలా మనిషి చెప్పాడు.

షుగరు పడిపోయిందని తట్టి, ఫ్లాస్కు మూతలో టీ పోసి, మింగుతున్నాడో లేదో చూసుకుంటూ కొంచెం కొంచెం పట్టాను. సగం టీ నేల మీదే ఒలకబోశాను. ఇది మాత్రం నిజమే, భయమే. ఇంకో పావుగంట ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదని ఆసుపత్రిలో డాక్టరు చెప్పింది తరవాత. ఆ మాట నాకప్పటికే తెలుసు.

కాసేపటికి ఆయన కళ్ళల్లో చూపు వచ్చింది. మొదట అడిగింది, “గ్రానీ ఏది?” అని.

“ఏ గ్రానీ?”

“ఇక్కడే కూర్చుంది కదా, నువ్వు వెళ్ళినప్పటినుంచీ. కళ్ళు మూసుకుంటే చెంప మీద కొట్టింది. ఒకటే మాట మళ్ళీ మళ్ళీ అంది. తెలుగే. నాకు అర్థం కాలేదు.”

నేను ఆవిణ్ణి చూసిన సంగతి ఆయనకి చెప్పలేదు. చెప్పేలోపే ఆయన ఆ మాట అన్నాడు, పాట నేర్చుకున్న పిల్లవాడిలా, ఎక్కడ విరవాలో తెలియకుండా:

“ఆసదువుకున్నోడువత్తాడు అందాకనిద్దరోకు.”

ఏమిటి దీని అర్థం అని అడిగాడు.

“నిద్రపోవద్దని” అన్నాను. అంతవరకే చెప్పాను. ఆ చదువుకున్నవాడు వస్తాడు, అప్పటిదాకా నిద్రపోకు. మొదటి సగం చెప్పడానికి నాకు నోరు రాలేదు.

“నువ్వెలా వెనక్కి వచ్చావు తమ్మీ?”

“నీ గురించి దిగులేసింది” అన్నాను. అబద్ధం.

ఆ అబద్ధాన్ని ఆయన నెత్తిన పెట్టుకున్నాడు. రెండు వారాల తరవాత వాళ్ళ బాప్టిస్టు చర్చిలో సాక్ష్యం చెప్పాడు. కొండ మీద ఈ తమ్ముడు నన్ను వదల్లేదు, సగం దారిలోంచి నా కోసం పరిగెత్తుకొచ్చాడు అని ఏడ్చాడు. అందరూ తిరిగి నన్ను చూశారు. ఆయన భార్య నా రెండు చేతులూ పట్టుకుంది. లేచి నిజం చెప్పవలసింది. చెప్పలేదు. ఇన్నాళ్ళూ నేను ఎవరెవర్ని చిన్నచూపు చూశానో, వాళ్ళందర్నీ కలిపినా నీచత్వంలో ఆ బెంచీ మీద కూర్చున్న నాకు సాటిరారు.

అదే రోజు మోజెస్ తల్లిని పక్కకి తీసుకెళ్ళి అడిగాను. ఈ మాట మీరెప్పుడైనా మీ అబ్బాయితో అన్నారా? చిన్నప్పుడు విన్నది సొమ్మసిల్లినప్పుడు గుర్తొచ్చి ఉంటుందని నా ఆశ. ఆమె నన్ను చెవి దగ్గరికి రమ్మని రెండుసార్లు చెప్పించుకుంది.

“నాను సెప్పలే. మా ఇంట సదువుకున్నోడు ఎవుడున్నాడు?” అంది.

టేపు తీసుకుని మళ్ళీ ఆ కొండకి వెళ్ళాను. ఒకసారి కాదు, మూడుసార్లు. బండ నుంచి ఆవిడ ఎదురైన మలుపుకి కిలోమీటరు మీద మూడువందల మీటర్లు. అడ్డదారి లేదు, వాలంతా ముళ్ళపొద. అడుగులు తప్పు లెక్కపెట్టానంటే ఒప్పుకుంటాను, కానీ వాచీ? మోజెస్ కలగన్నాడంటే ఒప్పుకుంటాను, కానీ తనకి రాని భాషలోనా? ఆవిడ నాతో మలుపులో ఉన్నప్పుడే అక్కడ ఆయన పక్కనా ఉందా?

మోజెస్ రిటైరై షాకాస్‌క్రాల్ అనే ఊళ్ళో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు ఆయన్ని ఇంకొక్కసారి ఆ మాట అనమని అడిగాను. అన్నాడు. అర్థం తెలియని మనిషి కాబట్టి గొంతు కూడా విన్నది విన్నట్టే దింపాడు. ‘సదువుకున్నోడు’ దగ్గర మూతి కొద్దిగా వంకర తిప్పాడు. మా ఊళ్ళో ఆ మాటని అలా అంటే అది పొగడ్త కాదు. అంత చదివీ ఇంత తెలివి లేనివాడు అని.

ఆవిడ ఎవరో, ఎక్కణ్ణుంచి వచ్చిందో నేను చెప్పలేను. నా గురించి ఏమనుకుందో మాత్రం నాకు బాగా అర్థమైంది.