ఎస్తేరు టీచరుగారి చప్పుడు లేని ఫ్యాను

ఇటు జరగండి, నా పక్కకు వచ్చి కూర్చోండి. బల్ల కింద కంప్యూటరు నడుస్తూనే ఉంది. వినిపించడం లేదు కదా? దాని వెనుక చెయ్యి పెట్టి చూడండి, గోరువెచ్చటి గాలి తగులుతుంది. ఈ పొద్దున దుమ్ము తుడుస్తుంటే నా మణికట్టుకు ఆ గాలే తగిలింది, చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. ఆ గాలి తగిలితే ఎస్తేరు టీచరుగారు పక్కన నిలబడ్డట్టే ఉంటుంది నాకు. మీరు ఆమెను చూడలేదు. చూసినట్టే చెబుతాను, వినండి.

పద్మారావు నగర్‌లో మేడమీద రెండు గదుల ఇల్లు వారిది. నర్సాపురం వైపు నుంచి వచ్చిన కిరస్తానీ కుటుంబం. బడిలో తెలుగు చెప్పి రిటైరై ఒక్కరే ఉండేవారు. నేను మౌలాలి నుంచి రోజూ వెళ్ళి వంట చేసేదాన్ని. నాది నాలుగో తరగతి చదువు. కానీ ఒకసారి విన్న కథ మరిచిపోను. ఉల్లిపాయలు తరుగుతూ మా అమ్మమ్మ చెప్పిన కథలు చెబుతుంటే, ఆమె కుర్చీని వంటింటి గుమ్మం దాకా లాక్కొచ్చి కూర్చునేవారు. చూపులేని పిల్లల హాస్టలు ఒకటుంటే, వాళ్ళ కోసం పాఠాలు, కథలు చదివి కంప్యూటరులో రికార్డు చేసి పంపడం ఆమెకు అలవాటు. ఆయాసం ఎక్కువై వాక్యం మధ్యలో ఆగిపోవడం మొదలయ్యాక, ఒకరోజు మైకు తెచ్చి నా ముందు పెట్టారు.

“ఇక కథలు నువ్వు చెప్పు యాదమ్మా.”

“నాతోని ఏమైతది టీచరమ్మా? నా మాట రేడియోల మాట లెక్క ఉండది.”

“రేడియో మాట వాళ్ళు రేడియోలో వింటారు. నీ మాట ఎక్కడ వింటారు?”

మూడు కథలు చెప్పాను. వారం తిరక్కుండా హాస్టలు వార్డెనమ్మ ఫోను చేసింది. కథ పొడుగునా ఏదో తుమ్మెద తిరిగినట్టు మోత ఉందట, పిల్లలకు తలనొప్పి వస్తోందట, బాగుచేసి పంపకపోతే వినిపించలేమంది. చిన్నప్పుడు బడిలో నేను పద్యం అప్పజెబితే పంతులు చెవులు మూసుకుని పిల్లలందరినీ నవ్వించాడు. ఆ తర్వాత నేను బడికి వెళ్ళిందీ తక్కువే, నలుగురిలో గొంతు విప్పిందీ తక్కువే. మైకు తీసి ఆమె చేతిలో పెట్టి, “నేను ముందే అంటి గదా, నా గొంతుకు గిది పడదు” అన్నాను.

ఆమె రికార్డు పెట్టారు. నేను నోరు తెరవకముందే గుయ్యిమని మోత. పది సెకన్లు అదే. “ఇక్కడ నువ్వింకా మాట్లాడనే లేదు. మరి ఇది ఎవరి గొంతు?” అన్నారు. అది సీపీయూ డబ్బాలో తిరిగే ఫ్యాన్ల గొంతు. అదేమో ఎండాకాలం, మోత అప్పుడే మొదలైంది. రికార్డుకని గదిలో పైన ఫ్యాను ఆపేసేవాళ్ళం. గది ఉడికేకొద్దీ డబ్బాలోవి ఇంకా గట్టిగా అరిచేవి.

మర్నాడు నేనొక ఘనకార్యం చేశాను. ఆమె చర్చికి వెళ్ళిన సమయం చూసి, డబ్బా మీద మందపాటి బొంత కప్పి, నాలుగువైపులా దోపి, కథ మొదలుపెట్టాను. మోత తగ్గింది. సంబరపడ్డాను. కథ సగంలో ఉండగా మోత పెరిగి పెరిగి, టప్పున కంప్యూటరు ఆరిపోయింది. చెప్పిందంతా పోయింది. ఆమె వచ్చి బొంత ఎత్తి, డబ్బా మీద చెయ్యి పెట్టి చూశారు.

“దీనికి చలిజ్వరం వచ్చిందా, కప్పావు?”

“నవ్వకుండ్రి టీచరమ్మా. ఇంకెవల్నన్న పెట్టుకోండ్రి. నాతోని కాదు.”

“ఏది అరుస్తోందో తెలియకుండా అన్నిటినీ కలిపి మూత పెడితే ఇంతే. ఒక్కొక్కదాన్ని వేరుచేసి విందాం.”

అంతే ఆమె పద్ధతి. డబ్బా చల్లారాక పక్క రేకు విప్పించారు. ముందొకటి, వెనకొకటి, లోపల చిప్పు మీద ఒకటి, మొత్తం మూడు ఫ్యాన్లు. కంప్యూటరు ఆపి, ముందుదో వెనుకదో ఒకదాని వైరు పీకి, కాసేపు నడిపి, మళ్ళీ ఆపి మార్చేవారు. నన్ను మాత్రం వంటింట్లో కళ్ళు మూసుకుని నిలబడమన్నారు. ఏది తీశారో చెప్పలేదు. “ఇప్పుడు?” అని అడిగేవారు. ఒకసారి, “ఇప్పుడు గరగర పోయింది, సన్నగ ఈల ఉన్నది” అన్నాను. వరుస మార్చి మార్చి అడిగినా అదే చెప్పాను. గరగర వెనుకదానిది. ఆమె గుమ్మంలోకి వచ్చి, “యాదమ్మా, నా చెవికి ఈ తేడా అందలేదు. కొనడానికి నువ్వే రావాలి” అన్నారు.

జాకెట్ల టేపుతో ఆ వెనుక ఫ్యాను కొలిచాం, పన్నెండు సెంటీమీటర్లు. స్టేషను దగ్గర గల్లీలో కంప్యూటరు సామాన్ల దుకాణానికి వెళితే, అతను అద్దంలాంటి ఫ్యానొకటి వెలిగించి చూపించాడు.

“గిది తీస్కోండ్రి అమ్మా, ఏడు రంగుల్ల మెరుస్తది. మస్తు స్పీడు.”

“మెరిసేది మాకెందుకు నాయనా, వినేవాళ్ళకు చూపు లేదు. స్పీడూ వద్దు. నెమ్మదిగా తిరిగి గాలి తోసేది, వేడిని బట్టి వేగం మార్చుకునే నాలుగు పిన్నులది ఇవ్వు.”

అతను మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత లేచి గల్లీ మోత రాకుండా షట్టరు సగం దించాడు, దుకాణంలో ఫ్యానూ ఆపాడు. మూడు రకాలు ఒకదాని తర్వాత ఒకటి తిప్పి, “జెర నిమ్మలంగ వినమ్మా, జల్దీ ఏం లేదు” అన్నాడు. మొదటిది గాలిని కోస్తున్నట్టు చప్పుడు చేసింది. రెండోదానిలో టిక్కు టిక్కుమని ఏదో తగులుతోంది. మూడోది ఆడుతోందో లేదో తెలియక కళ్ళు తెరిచి చూశాను. తళుకు లేని నల్లటి ఫ్యాను. “గిదే” అన్నాను. బేరమాడే నేను ఆ రోజు ఇంకో మాట మాట్లాడలేదు. స్క్రూల బదులు బిగించుకోమని రబ్బరు బిరడాలు కూడా ఇచ్చాడతను. వాటితో బిగిస్తే వణుకు డబ్బాకు ఎక్కదట.

ఇంటికి వచ్చి పెట్టాం. గాలి బయటికే పోతోందా అని కొంగు అంచులోని పోగు ఒకటి పట్టి చూశాను, బయటికే ఊగింది. వేడి సరిగ్గా బయటికి పోవడంతో మిగతా రెండు ఫ్యాన్లూ నెమ్మదించి, ఆ సన్నటి ఈల కూడా ఆగింది. గది నిశ్శబ్దమైంది. నేను మైకుకు దూరంగా జరిగాను. ఇన్నాళ్ళూ తప్పు మోయడానికి ఆ గరగర ఉంది. అది పోయాక మిగిలింది నా గొంతొక్కటే. ఆ మాటే అన్నాను. టీచరుగారు మైకు నా వైపు జరిపి, “అందుకేగా ఇంత చేశాం” అన్నారు.

నాలుగు కథలు చెప్పాను, ఆపకుండా. వార్డెనమ్మ మళ్ళీ ఫోను చేసింది. ఈసారి ఫోను పిల్లల మధ్య పెట్టింది. ఒక ఆడపిల్ల, “కథ చెప్పే అవ్వ గాజులు వినిపించినయి, ఎన్ని గాజులు ఏస్కున్నవ్ అవ్వా?” అని అడిగింది. గాజులు కూడా వినపడేంత చప్పుడు లేని గదిలో నా మాటను ఎవరూ వెక్కిరించలేదు.

టీచరుగారు పోయేముందు ఈ కంప్యూటరు నాకు ఇప్పించారు. కథలు ఇప్పటికీ నేనే పంపుతున్నాను. ఇంట్లో అందరూ ఒక్కసారే అరిచినప్పుడు నేను బొంత కప్పను. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టుకుని వింటాను. గరగర ఎక్కడిదో తెలిసిపోతుంది. చాలాసార్లు మనం అనుకున్న మనిషిది కాదు.

మీ ఇల్లు చల్లగా ఉండాలి. మెల్లగా మాట్లాడే మనిషి మాట కూడా మీ ఇంట్లో చివరిదాకా వినపడాలి.