ఇద్దర్నీ విడదీసే పని

బరంపురంలో ఫార్మసీ పీజీ చదివే రోజుల్లో నాకు అప్పగించిన పని వినడానికి తేలికే. సిప్రోఫ్లోక్సాసిన్, నార్ఫ్లోక్సాసిన్ అనే రెండు యాంటీబయోటిక్కుల మిశ్రమాన్ని యంత్రంలోకి ఎక్కించి, దేనికది విడిగా బయటికి రప్పించాలి. సన్నటి గొట్టంలోంచి వాటిని తోసుకెళ్ళే ద్రవం సరిగ్గా కుదిరితే కంప్యూటర్ తెర మీద రెండు శిఖరాలు కనిపిస్తాయి. నాకు మూడు వారాలుగా ఒకటే కనిపిస్తోంది. ఆ ద్రవంలో అసిటోనైట్రైల్ అనే ద్రావకం పాళ్ళు పెంచితే రెండూ కలిసి పరిగెత్తేవి, తగ్గిస్తే కలిసే బద్ధకంగా నడిచొచ్చేవి.

ఒక సాయంత్రం గేట్ బజార్ వెళ్ళే షేర్ ఆటోలోంచి ల్యాబ్ స్నేహితురాలికి ఫోన్ చేశాను.

"ఇద్దరూ ఇంకా అతుక్కునే ఉన్నారే. ఎంత సేసినా ఇడిపోవట్లేదు. రేపు ఆల్కహాల్ పోసి సూస్తాను."

నేనన్నది ల్యాబ్‌లో ద్రావకంగా వాడే మిథనాల్ గురించి. పక్కన కూర్చున్న పెద్దావిడకు ఆ సంగతి తెలీదు కదా. నేను ఫోన్ పెట్టేసేదాకా ఓపిక పట్టి, నా మోచెయ్యి పట్టుకుంది.

"సదువుకున్నదానిలాగున్నావు. పచ్చగా ఉన్న ఆలుమొగుళ్ళని సారా పోసి ఇడగొడతావేటి?"

డ్రైవర్ అద్దంలోంచి నన్ను ఎగాదిగా చూశాడు.

"అయ్యో, మనుషులు కారు పెద్దమ్మా! మందులు. రెండు రకాలు కలిసిపోతే ఏరు సేస్తాం."

ఆవిడ నా మోచెయ్యి వదిలింది.

"దానికి సారా ఎందుకే? సెరో డబ్బాలో ఎయ్యి."

ఆవిడ సంచిలోంచి ఒక కవరు తీసి నా ఒళ్ళో కుమ్మరించింది. పాత్రపూర్ నుంచి ఆసుపత్రికి వచ్చిందట. పొద్దుటి మాత్రలూ రాత్రి మాత్రలూ కలిసిపోయాయట.

"ఇయ్యి ఇడదీ సూద్దాం."

డాక్టరు చీటీ చూసుకుంటూ, కుదుపులకు జారిపోయే మాత్రల అట్టల్ని మోకాళ్ళతో ఆపుకుంటూ రెండు కట్టలు చేశాను. జడకున్న రబ్బరు బ్యాండు తీసి రాత్రివాటికి చుట్టాను. మూడు వారాల్లో నేను విడదీయగలిగినవి అవే.

"నీ ఇద్దరూ కూడా ఇడిపోతార్లే," అని దీవించి దిగిపోయింది.

మర్నాడు అసిటోనైట్రైల్ మానేసి మిథనాల్ కలిపాను. యంత్రంలో ఒత్తిడి పెరిగింది. నాలోనూ. తెర మీద గీత లేచింది, దిగింది, అడుగు తాకి మళ్ళీ లేచింది! నేను అరిచిన అరుపుకు ఏ సీసా పగిలిందోనని మా గైడు సారు టీ గ్లాసుతోనే పరుగెత్తుకొచ్చారు. కళ్ళజోడు పైకెత్తి రెండు శిఖరాల్నీ చూశారు.

"బాగుందమ్మా. ఇంకో ఐదుసార్లు ఇలాగే రానీ, అప్పుడు అరుద్దాం."

ఐదోసారి ఆయనే ముందు అరిచారు.