పళ్ళ వదిన విప్పిన లాప్‌టాప్

ఆమెను ఇంట్లో అందరూ పళ్ళ వదిన అంటారు. ఎత్తుపళ్ళున్నాయని కాదు, పళ్ళు చేస్తుందని. డెంటల్ ల్యాబులో ఆమె అందరికంటే సీనియరు. డాక్టర్లు పంపే అచ్చులు ముందు పెట్టుకుని తొడుగులూ, కట్టుడు పళ్ళూ తయారుచేస్తుంది. ఊళ్ళో సగంమంది తన పళ్ళతోనే నవ్వుతున్నారని చెప్పుకుంటుంది. అందులో గొప్పలు పోవడం ఎంతో, నిజమూ అంతే.

చిన్నప్పట్నుంచీ ఆమెకొక అలవాటు. ఏ వస్తువు కనబడినా దాని స్క్రూలు ఎక్కడున్నాయో ముందు వెతుకుతుంది. పుట్టింట్లో ఇస్త్రీపెట్టె, రేడియో, కుట్టుమిషను అన్నీ ఆమె చేతిలో విడిపోయి మళ్ళీ ఒక్కటైనవే. కాపురానికొచ్చిన కొత్తలో అత్తగారి గోడగడియారం ఆగిపోతే, ఎవరూ అడక్కుండానే దించి విప్పేసింది. గడియారం నడిచింది గానీ, గంటలు మాత్రం తనకు తోచినన్ని కొట్టడం మొదలెట్టింది. అత్తగారు దాన్ని చుట్టాలొచ్చినప్పుడల్లా "మా కోడలే బాగుచేసింది" అని చూపించేది. అది మెచ్చుకోలో దెప్పుడో ఈనాటికీ ఎవరికీ తేలలేదు.

ఆ ఇంటి పై వాటాలో ఆడపడుచు ఉంటుంది. ఆమె ముద్దుపేరు పిట్టమ్మ. పక్షుల కూతలు రికార్డు చేసి, వాటి మీద పరిశోధన చేస్తుంది. మైకు భుజాన వేసుకుని మడుగుల పక్కనా, రైలు పట్టాల వెంటా తిరుగుతుంది. ఆమె ప్రాణమంతా ఒక పల్చటి లాప్‌టాప్‌లో ఉంటుంది. బ్యాగులో పెట్టుకుంటే పెట్టుకున్నట్టే తెలియదు, అంత పల్చన.

ఒక సెలవురోజు పొద్దున, ఆరిన బట్టలిచ్చిపోదామని వదిన పైకెళ్ళింది. పిట్టమ్మ చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, దిగాలుగా తెర వంక చూస్తూ కూర్చుంది.

"ఏమైంది, అలా ఉన్నావ్?"

"ఏ పిట్టను తీసెయ్యాలా అని చూస్తున్నా వదినా. లోపల డిస్కు నిండిపోయింది. కొత్తది ఎక్కాలంటే పాతది పోవాలి."

"బయట తగిలించుకునేది ఒకటి ఉండేదిగా?"

"పోయిన వానాకాలం బ్యాగుతో సహా మడుగులో పడిపోయింది. అప్పట్నుంచి వాటి మీద నమ్మకం పోయింది." హెడ్‌ఫోన్లు మెడలోకి జార్చుకుంది. "పాత గోడౌనులో గుడ్లగూబ పిల్లలకు మేత పెడుతున్నప్పటి అరుపులుండేవి. నిన్న తీసేశా. ఎప్పుడైనా మళ్ళీ వెళ్ళి తీసుకోవచ్చులే అనుకున్నా. తీసేశాక తెలిసింది, ఆ గోడౌను కూల్చేశారట."

పళ్ళ వదినకు పక్షుల గురించి పెద్దగా తెలియదు. కానీ చేతులారా చేసుకున్న పనిని చేతులారా చెరిపేసుకోవడమంటే ఏమిటో తెలుసు. బట్టలు మంచం మీద పెట్టి పక్కన కూర్చుంది.

"పెద్ద డిస్కు వేయించుకోవచ్చుగా?"

"షాపులో అడిగా. ఇంత పల్చటివాటిల్లో అన్నీ లోపల అతికించేసి ఉంటాయి, మార్చడం కుదరదు, కొత్త లాప్‌టాప్ కొనుక్కోండి అన్నాడు."

"మూత విప్పి చూశాడా?"

"లేదు. పైనుంచి చూశాడు."

"నోరు తెరిపించకుండానే పన్ను పీకాలన్నట్టుంది," అంది వదిన. లాప్‌టాప్‌ను బోర్లించి, వెనక ఉన్న మోడల్ నంబరు చదువుకుని, ఫోన్లో వెతకడం మొదలెట్టింది. తయారుచేసిన కంపెనీవాళ్ళే బొమ్మలతో సహా వివరాలు పెట్టారు. కొన్నిటిలో అతికించి ఉండే మాట నిజమే. ఇందులో మాత్రం డిస్కు విడిగా, తన గాడిలో తను కూర్చుని ఉంది. చూయింగ్ గమ్ బిళ్ళంత బద్ద, దాని చివర ఒకే ఒక్క స్క్రూ.

"ఇది నేను మారుస్తా," అంది.

పిట్టమ్మ లాప్‌టాప్‌ను మెల్లగా తన వైపు జరుపుకుంది. "వదినా, ఇది గడియారం కాదు."

"కాదు గనకే ముందు నకలు తీద్దాం. కొత్త డిస్కును చిన్న డబ్బీలో పెట్టి బయటినుంచి తగిలిస్తే, పాతదాంట్లో ఉన్నదంతా ఉన్నదున్నట్టు దాంట్లోకి దిగుతుంది. పాతదాన్ని మనం చెరపం. నా చేతిలో ఏం జరిగినా నీ పిట్టలు ఎక్కడికీ పోవు."

ఆ మాటతో పిట్టమ్మ మెత్తబడింది. ఇద్దరూ బజారుకెళ్ళి డిస్కూ, డబ్బీ తెచ్చారు. గాడికి సరిపోయే రకమేనా, పొడవు అదేనా అని వదిన ఒకటికి నాలుగుసార్లు చూసుకుని మరీ తీసుకుంది. నకలు దిగుతుంటే అన్నాలు తిని, గిన్నెలు కూడా కడిగేసుకున్నారు.

మధ్యాహ్నం కిటికీ దగ్గర బల్ల మీద తెల్లటి తువ్వాలు పరిచి, వదిన పనిలోకి దిగింది. ఒంట్లో ఉండే కరెంటు చురుక్కుమంటే లోపలి భాగాలు పాడవుతాయని, ముందు వెళ్ళి ఇనప కుళాయి గొట్టాన్ని ముట్టుకుని, అదంతా భూమిలోకి వదిలేసి వచ్చింది. అడుగున కనబడే స్క్రూలన్నీ తీసింది. మూత కదల్లేదు. ఆమె లాగలేదు. రబ్బరు కాళ్ళ కింద వేలితో తడిమి, ఒకదాన్ని గోటితో లేపితే ఇంకో స్క్రూ బయటపడింది. పాత ప్లాస్టిక్ కార్డొకటి సందులోకి దూర్చి, అంచు వెంట నెమ్మదిగా జరుపుకుంటూ పోతే, క్లిప్పులు టక్ టక్‌మని ఒక్కొక్కటే వదిలాయి. ప్రతి చప్పుడుకీ పిట్టమ్మ కళ్ళు మూసుకుంది.

బ్యాటరీ తీగ ఊడదీశాక, డిస్కు స్క్రూ తిప్పింది. పాత బద్ద ఒక చివర తనంతట తనే పైకి లేచింది. దాన్ని తీసి, కొత్తది గాడిలో పెట్టి వేలితో కిందికి అదిమింది. అది పూర్తిగా ఆనలేదు. ఒక పక్క లేచే ఉంది.

అప్పుడే వదిన భర్త డ్యూటీ దిగి వచ్చాడు. ఆయన సిటీబస్సు డ్రైవరు. సంగతి విని, తొంగిచూసి, "కాస్త గట్టిగా నొక్కి స్క్రూ బిగించెయ్, అదే సర్దుకుంటుంది," అన్నాడు.

"మీ బస్సులో జనాలనుకుంటున్నారా, నొక్కితే సర్దుకోవడానికి?" అంటూ వదిన బద్దను బయటికి తీసి వెలుతురులో అటూ ఇటూ తిప్పింది. పాతదానికి పైవైపే చిప్పులున్నాయి, అడుగు నున్నగా ఉంది. కొత్తదానికి రెండు వైపులా ఉన్నాయి. ఈ పల్చటి ఒంట్లో అడుగున వాటికి చోటే లేదు. నొక్కి బిగిస్తే బద్ద వంగుతుంది, ఇవాళ కాకపోతే రేపు విరుగుతుంది.

సిగ్గుతో ఆమె ముఖం కందగడ్డయింది. తొడుగు వెంట్రుకవాసి ఎత్తున్నా మనిషి దవడ పట్టుకుని తిరిగొస్తాడని ల్యాబులో కొత్తవాళ్ళకు రోజూ చెప్పేది తనే. పొడవు చూసింది, గాడి చూసింది, మందం చూడలేదు.

"తప్పు నాదే. దీనికి ఒకవైపే చిప్పులుండేది కావాలి," అంది.

"ఇప్పుడెలా?" అంది పిట్టమ్మ.

"ఎలా ఏముంది? పాతదాన్ని మళ్ళీ పెడతా. నీ లాప్‌టాప్ పొద్దున ఎలా ఉందో అలాగే ఉంటుంది. రేపు దీన్ని మార్చుకొస్తా."

అన్నట్టుగానే పాతది పెట్టి, మూత వేసి, బటన్ నొక్కింది. అది ఎప్పట్లాగే వెలిగింది. పిట్టమ్మ ఊపిరి పీల్చుకుంది. కొత్తదాంట్లోకి దిగినదంతా తుడిచేసి, తిరిగి ఇచ్చెయ్యడానికి అది వచ్చిన డబ్బాలో పెట్టింది. వదిన ధైర్యం మీద ఆమెకు అప్పటిదాకా ఉన్నది భయమే. వెనక్కి తగ్గడం కూడా తెలిసిన ధైర్యమని ఆ పూట నమ్మకం కుదిరింది.

షాపువాడు మంచివాడే, పేచీ పెట్టకుండా మార్చి ఇచ్చాడు. ఆ తర్వాతి సెలవునాడు మళ్ళీ నకలు తీసి, మళ్ళీ తువ్వాలు పరిచారు. ఈసారి బద్ద పరుపు మీద పడుకున్నట్టు హాయిగా ఆనింది. లాప్‌టాప్ వెలిగింది, పిట్టమ్మ ఫైళ్ళన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. అయితే ఖాళీ మాత్రం మునుపటంతే చూపించింది. ఈ చిక్కు స్క్రూలది కాదు కాబట్టి వదిన బిక్కమొహం వేసింది.

"ఇది నాకొదిలెయ్," అంటూ పిట్టమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "నకలు కదా, పాత హద్దులు కూడా నకలు దిగాయి. మిగతా చోటంతా తలుపు తియ్యని గదిలా పక్కన పడుంది." సెట్టింగుల్లోకి వెళ్ళి హద్దు జరిపింది. ఖాళీ ఒక్కసారిగా బారెడైంది.

పాత డిస్కును డబ్బీలో పెట్టి, పిట్టమ్మ బీరువాలో దాచింది. ఆ వారమే ఊరి చివర కడుతున్న కొత్త మార్కెట్టు దగ్గర ఇనప దూలాల మీద గుడ్లగూబలు చేరాయని ఎవరో చెబితే వెళ్ళి, తెల్లవారేదాకా రికార్డు చేసుకొచ్చింది. పోయిన పిల్లల అరుపులు కావవి. ఆ మాట తనే అంది. అయినా వదినను పిలిచి, హెడ్‌ఫోన్లు చెవులకు పెట్టి మొత్తం వినిపించింది. వదినకు అది తుప్పుపట్టిన తలుపు చప్పుడులా ఉంది. బాగుందనే చెప్పింది.

కొన్నాళ్ళకు లాప్‌టాప్ ఫ్యాను రొద చేయడం మొదలెట్టింది. దుమ్ము పట్టి ఉంటుందని వదిన స్క్రూడ్రైవరు పట్టుకుని మెట్లెక్కేసరికి, పిట్టమ్మ అప్పటికే తువ్వాలు పరుచుకుని కూర్చుంది.

"ఈసారి నేనే విప్పుతా. నువ్వు చూడు."

చూడడమంటే వదినకు మాటలు కాదు. చేతులు కట్టుకుని పక్కన నిలబడింది. "ఆ మూల క్లిప్పు కాస్త..." అనబోయింది.

"వదినా."

"సరే, సరే," అని నోరు మూసుకుంది. మూత తేలిగ్గా ఊడొచ్చింది. పిట్టమ్మ బ్రష్షు తీసుకుని, ఫ్యాను రెక్కల మధ్య దుమ్ము ఓపిగ్గా దులపసాగింది.